బావ లెవెల్ ట్యూబు

తొంభైల చివర్లో హోసూరు ఫ్యాక్టరీలో పనిచేస్తున్నప్పుడు రెండు సిలిండర్ల పాత బండి ఒకటి కొన్నాను. దానికి రెండు కార్బొరేటర్లు. రెండూ సమానంగా గాలి పీలిస్తేనే ఇంజను కుదురుగా తిరుగుతుంది. నా బండి మాత్రం బస్టాండు దగ్గర ఇంజను ఆపకుండా నిలిపితే చాలు, హ్యాండిల్ దాకా వణికేది. నాకు ఏదైనా పట్టుకుందంటే అంతే, తిండీ నిద్రా ఉండవు.

గాలి లాగే బలాన్ని చూపే గేజీలు రెండు బెంగళూరు పాత సామాన్ల బజారులో తెచ్చాను. రెండింటినీ ఒకే కార్బొరేటర్‌కు మార్చి మార్చి తగిలిస్తే ఒక్కోటి ఒక్కో లెక్క చెప్పింది. పైగా ముళ్లు ఒక చోట నిలవకుండా ఊగాయి. ఎవరిని నమ్మేది? రెండింటినీ మూలన పడేశాను.

ఆ ఆదివారం హోసూరు దగ్గరి బేరిగైలో అక్క ఇంటికి వెళితే, గోడకు చుట్టగా వేలాడుతున్న బావ లెవెల్ ట్యూబు కంటపడింది. బావ మేస్త్రి. అద్దంలా లోపలంతా కనబడే ఆ ప్లాస్టిక్ ట్యూబులో నీళ్లు నింపి రెండు కొసలూ రెండు గోడల దగ్గర పట్టుకుంటే, రెండు చోట్లా నీళ్లు ఒకే మట్టంలో నిలుస్తాయి. నాకు కావలసిందీ అదే కదా! నీళ్ల బదులు నూనె పోసి, కొసలు రెండు కార్బొరేటర్లకు తగిలిస్తే ఎక్కువ లాగే వైపు నూనె పైకెక్కుతుంది. సమానమయ్యేదాకా స్క్రూ తిప్పితే సరి. నీళ్లు ఇంజనులోకి పోతే ముప్పు, నూనె అయితే కాలిపోతుంది. బావ ఇంట్లో లేడు. అడగకుండానే తీసుకున్నాను.

సాయంత్రానికి బండి వణుకు మానింది. ఆ సంతోషంలో, జిడ్డు వదలాలని ట్యూబును పెట్రోలుతో కడిగాను. అక్కడే చెడింది. ట్యూబంతా తెల్లగా మసకబారింది.

"ఏమప్పా, ట్యూబు ఇట్లయిపోయిందే?" అన్నాడు బావ వచ్చాక.

"ఎండకేమో బావా," అన్నాను.

మరునాడు ఆయన సొంతంగా ఒప్పుకున్న మొదటి ఇంటికి గచ్చు మట్టం పెట్టాలి. ఆ ట్యూబుతోనే పెట్టాడు. నీళ్లలో గాలిబుడగ ఉంటే మట్టం తప్పు చూపిస్తుంది, అందుకే మేస్త్రులు ముందు బుడగలు వెతుకుతారు. ఆ మసకలో బావకు బుడగలు కనబడలేదు.

గృహప్రవేశానికి ముందురోజు ఇల్లు కడిగారు. నేనూ సాయానికి వెళ్లాను. వాకిలి వైపు పారాల్సిన నీళ్లు నేరుగా పూజగదిలోకి పారాయి. ఇంటాయన, చుట్టాలు, పక్కింటి ఆడవాళ్లు అందరూ చూస్తూ నిలబడ్డారు. బావ వంగి గచ్చు మీద అరచెయ్యి పెట్టి చూశాడు. నాకు సిగ్గుతో ప్రాణం పోయినంత పనైంది.

"తప్పు నాదన్నా," అన్నాను ఇంటాయనతో, అందరికీ వినబడేట్టు. "బావ ట్యూబు నా బండికి పెట్టినాను. పెట్రోలు పోసి కడిగి పాడు చేసినాను. బావకు అబద్ధం చెప్పినాను."

ఇంటాయన నా భుజం తట్టాడు. "బామ్మర్దంటే నువ్వప్పా! బావ పరువు కోసరం తప్పు నెత్తినేసుకుంటా ఉండావు. బండికీ మట్టం ట్యూబుకీ ఏమి సంబంధం?"

ఎంత చెప్పినా ఎవరూ నమ్మలేదు. బావ ఒక్కడే నమ్మాడు. నా వైపు ఒకసారి చూసి, "నా కన్నే తప్పినాదన్నా. తవ్వి మళ్లీ ఏస్తాను," అన్నాడు.

వేశాడు. కానీ ఆ తర్వాత బేరిగైలో ఆయనకు ఎవరూ ఇల్లు అప్పగించలేదు. గురుబరపల్లిలో ఇంకో మేస్త్రి కింద పనికి కుదిరాడు. ఆ సంగతి నా దగ్గర ఎన్నడూ ఎత్తలేదు. నాలుగు తిట్టినా బాగుండేది.

ఇప్పటికీ ఆ ఊళ్లో బావా బామ్మర్దులు తగువులాడుకుంటే పెద్దలు నన్ను చూపించి, "ఈయప్పను చూసి నేర్చుకోండి," అంటారు. నేను తల దించుకుంటాను. అణకువ అనుకుంటారు.