అన్న తెచ్చిన పెంటికల సంచి

పొద్దున పేపరులో ఓ మూలన వేశారు: గొర్రెల కడుపులో నట్టలు మందుకు లొంగడం లేదని కొత్తగా కనిపెట్టారట. ఆ ‘కొత్తగా’ అన్న మాట చదవగానే నాకు ఒళ్లు మండిపోయింది.

తెలంగాణ ఉద్యమం రోజుల్లో నేను యూనివర్సిటీలో జంతుశాస్త్రం ల్యాబులో పనిచేసేదాన్ని. గొర్రెల పెంటికలను ఉప్పునీళ్లలో కలిపి, పైకి తేలిన నట్టల గుడ్లను మైక్రోస్కోపు కింద లెక్కపెట్టడం నా పని. పుట్టింటి నుంచి అందరికీ పచ్చళ్లొస్తాయి, తార్నాకలో అద్దెకుండే నాకు మాత్రం ఊళ్లో గొర్రెలు కాసే మా అన్న పెంటికలు తెచ్చేవాడు. నట్టల మందు తాపినా గొర్రెలు నీరసపడుతున్నాయని, దవడల కింద నీరు దిగుతోందని ఆయన దిగులు. ఓసారి బంద్ నాడు బస్సుల్లేక కాచిగూడ స్టేషన్ నుంచి నడిచి వస్తే, రాళ్లేమోనని క్యాంపస్ గేటు దగ్గర పోలీసులు సంచి విప్పించి, ముక్కు మూసుకుని పొమ్మన్నారట.

మందు తాపకముందువీ, తాపిన పదిరోజులకు తీసినవీ లెక్కపెట్టి చూస్తే గుడ్లేమీ తగ్గలేదు. మా ల్యాబు సారుకు చూపిస్తే, మీ అన్న మందులో నీళ్లు కలిపి ఉంటాడమ్మా, వాళ్లకు మందు తాపడం ఎక్కడొస్తుంది అన్నారు. నేనూ బుద్ధిలేనిదాన్లా ఆ మాటే తీసుకెళ్లి అన్న మొహాన కొట్టాను. పాపం, నీళ్లు కలపలేదు. మందు ఎక్కువైతే చూడి గొర్రె ఈసుకపోతదన్న, కడుపు పోతదన్న భయంతో, ఊళ్లో అందరిలాగే, పిల్లకు సరిపోయే ఒక్క మూత కొలతనే పెద్ద పొట్టేలుకూ పోసేవాడు, అదీ ఏటా అదే మందు. ఆ చాలీచాలని మందుకు చచ్చినవి చావగా మిగిలిన నట్టలు రాటుదేలాయి. బరువు చూసి తాపాలని, మందు మార్చాలని ఏ మారాజైనా ఆయనకు చెప్పాడా?

రోషమొచ్చి సెలవు పెట్టి ఊరికి పోయాను. ఒక్కో గొర్రెనూ గోనెసంచిలో కాటాకు వేలాడదీసి తూచి, నా చేత్తోనే నిండుగా తాపాను. పదిరోజులకు చూస్తే గుడ్లు మళ్లీ అన్నే. ఇక మందు మార్చాల్సిందే. మందు మార్చమని రాసిన కాగితం మీద సంతకానికి పోతే, ఈ గొడవలు సద్దుమణిగి క్యాంపస్ తెరిచాక చూద్దాంలే అన్నారు సారు.

“వేరే మందేమన్న ఉన్నదా చెల్లె, ఉంటే జెప్పు, ఆగమైతున్న” అని అన్న ఫోన్లో బతిమాలాడు. ఉంది, నాకు తెలుసు. సారు సంతకం లేకుండా చెప్తే నా ఉద్యోగానికి ముప్పొస్తుందని, కొన్నాళ్లు ఆగమన్నాను. వానలు పడ్డాక సగం మంద చచ్చింది. మిగిలినవాటిని కోతకు అమ్మేశాడు.

అన్న ఇప్పుడు మల్కాజ్‌గిరిలో ఓ అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్. ఫోన్ చేసి వార్త చదివి వినిపించాను. “నేను గప్పుడే జెప్పిన గదనే” అని, ఎవరో పిలుస్తున్నారని పెట్టేశాడు.

తెలంగాణ వచ్చింది, తార్నాక మీదుగా మెట్రో పోతోంది, గేటు దగ్గర సంచులు విప్పేవాళ్లు లేరు. గొర్రెలకాపరి మాటకు విలువ మాత్రం ఇప్పటికీ రాలేదు. సారు మీద కోపం ఎప్పటికైనా చల్లారుతుందేమో, నా మీదది చల్లారదు. ఆ రెండో మందు పేరు నాకింకా నోటికి వచ్చు. చెబుదామంటే అన్నకు ఒక్క గొర్రె కూడా లేదు.