తెరచాటు తమ్ముడు

ఆ దర్జీ కొట్టులో బట్ట కత్తిరించే తమ్ముడికి ఒకటే జబ్బు. పరాయి మనిషి ఎదుటపడితే నోరు పెగలదు, తెర వెనక నుంచి చూస్తే మాత్రం ఆ మనిషి మనసులో ఉన్నదంతా తెలిసిపోతుంది. తెలిసి ఊరుకుంటే కొట్టు నడిపే అక్కకి అంత కోపం వచ్చేది కాదు. ఆమె టేపు పెట్టి తీసిన కొలతలు పక్కన పడేసి, ఎదుటివాళ్ళ మనసుకి తగ్గట్టు కత్తిరించేవాడు. వీధిలో వాళ్ళు అతన్ని తెరచాటాయన అనేవారు. అక్క అనే మాటలు అచ్చులో వేయడానికి కుదరదు.

ఒక బ్యాంకు ఆఫీసరు జేబుల్లేని కోటు కావాలన్నాడు. తమ్ముడు రెండు పెద్ద జేబులు పెట్టాడు.

"జేబులు వద్దన్నాడని చీటీ మీద రాశాను కదరా. కళ్ళు కనిపించట్లేదా?" అంది అక్క.

"ఆయనకి నలుగురిలో చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీదక్కా. నాకలా అనిపించింది."

"నీకు అనిపించినప్పుడల్లా నేను తిట్లు తినాలా?"

తిట్లేమీ పడలేదు. ఆఫీసరు కోటు తొడుక్కుని, చేతులు జేబుల్లో దూర్చి, అద్దం ముందు పది నిమిషాలు హాయిగా నిలబడ్డాడు. మర్నాడే ఇంకో కోటుకి బట్ట పంపాడు. దానికీ అక్కకి కోపమే వచ్చింది. మాట విననివాడు నెగ్గితే ఎవరికి మాత్రం మండదు?

అలాగని ప్రతిసారీ నెగ్గేవాడు కాదు. ఒకావిడ ఎర్రబడ్డ కళ్ళతో గౌను కొలతలివ్వడానికి వచ్చింది. పాపం ఎంత ఏడ్చిందో అని తమ్ముడు తెర వెనక తనూ కళ్ళు తుడుచుకుని, గౌను లోపల చేతిరుమాలు కోసం రహస్యంగా ఒక జేబు కుట్టాడు. తీరా ఆవిడకి వచ్చింది కళ్ళకలక. మూడోరోజుకల్లా అది కొలతలు తీసిన అక్కకీ అంటుకుంది.

"ఇప్పుడు నా కళ్ళు చూస్తే ఏమనిపిస్తోందిరా?" అని ఆమె అరిస్తే, అతను ఇస్త్రీ గదిలో దూరి గడియ పెట్టుకున్నాడు. ఎవరు గొంతు పెంచినా అతను తేలేది ఆ గదిలోనే.

అలాంటి కొట్టుకి ఒక హోటలు సిబ్బంది కోసం నలభై చొక్కాల ఆర్డరు వచ్చింది. ఇలాంటి దాని కోసం అక్క ఎనిమిదేళ్ళుగా ఎదురుచూస్తోంది. సోమవారం దాటితే ఎదురుకొట్టు దర్జీకి ఇచ్చేస్తామని హోటలు మేనేజరమ్మ మొహం మీదే చెప్పింది. అక్క తల ఎత్తకుండా కాజాలు కుట్టింది. బొటనవేలు వాచి మొద్దుబారిపోయింది. చెబితే పని ఆగిపోతుందని ఎవరికీ చెప్పలేదు.

గురువారం పొద్దున చూస్తే మిగిలిన చొక్కాల బట్ట కత్తిరించకుండా బల్లమీద అలాగే ఉంది, తమ్ముడు లేడు. ఇస్త్రీ గదిలోనూ లేడు. మూడు గంటల తర్వాత చెమటలు కక్కుతూ వచ్చాడు.

"ఎక్కడ ఊరేగి వచ్చావు?" అంది అక్క.

అతను వంగి నేలమీది గుడ్డముక్కలు ఏరడం మొదలుపెట్టాడు.

"నా ఎనిమిదేళ్ళ కష్టం బూడిదలో పోస్తున్నావురా. ఊళ్ళో అందరి బాధా నీకు తెలుస్తుంది. తోడబుట్టినదాన్ని, నా బాధ ఒక్కటే నీకు పట్టదు."

అతను ఇస్త్రీ గది వైపు అడుగు వేస్తుండగా ఫోను మోగింది. హోటలు మేనేజరమ్మ.

"మీ తమ్ముడుగారు మూగవారా అండీ? పొద్దున మీ కొట్టు చీటీ నా చేతిలో పెట్టి, ఎదురుగా రెండు గంటలు కూర్చున్నారు. ఒక్క ముక్క మాట్లాడలేదు. ఎవరికైనా ఒంట్లో బాగాలేదా అని నేనే అడిగితే, సూది పట్టినట్టు చూపించి, బొటనవేలు పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. గడువు ఎన్నాళ్ళు కావాలంటే వేళ్ళు చూపించారు. అలాగే తీసుకోండి. ముందు ఆ చెయ్యి డాక్టరుకి చూపించుకోండి."

అక్క ఫోను పెట్టేసింది. దారపు ఉండ కొనడానికి కూడా ఆమెనే పంపే మనిషి, ముక్కూమొహం తెలియనావిడ ముందు రెండు గంటలు కూర్చున్నాడంటే ఎంత నరకం పడ్డాడో ఆమెకి తెలుసు. గుండె కరిగిపోయింది. నోరు మాత్రం అంత తొందరగా కరిగే రకం కాదు.

"ఎన్ని రోజులు అడిగావు?"

"పది."

"పది రోజులు ఏ మూలకిరా? ఇరవై అడగలేకపోయావా?"

"ఉన్నవి పది వేళ్ళేగా అక్కా," అన్నాడు నేలచూపులు చూస్తూ.

మండిపడదామని నోరు తెరిచిన అక్కకి నవ్వొచ్చింది. కాసేపు ఆపుకుందామని చూసి, కుదరక, తిడుతూనే వాచిన చెయ్యి అతని ముందుకి చాపింది.