అన్నానికి ముందు మాత్ర

నా ముఖం చూసి మోసపోయేవాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు. పార్కిన్సన్స్ వచ్చాక ముఖంలో కండరాలు బిగిసిపోయాయి. లోపల ఎంత మండిపోతున్నా పైకి ఏమీ కనిపించదు. ఏలూరులో మా ఇంటికి వచ్చినవాళ్ళంతా "ఎంత శాంతంగా ఉన్నారండీ" అంటారు. కొల్లేటికోటలో మా చేపల చెరువు గట్టు మీద నన్ను చూసినవాళ్ళెవరూ ఆ మాట అనరు. ఈ గట్టున నేను కేకేస్తే ఆ గట్టున మేత చల్లేవాడు బస్తా కింద పెట్టి నిలబడేవాడు. ఇప్పుడు నా గొంతు పక్క కుర్చీ దాకా వెళ్ళదు.

నన్ను చూసుకోవడానికి హోమ్ కేర్ వాళ్ళు ఒక నర్సును పంపారు. నల్లజర్ల అమ్మాయి. చెయ్యి శుభ్రం, మాట తియ్యన. ఆ తీపి చూస్తేనే నాకు ఒళ్ళు మంట. ఏం చెప్పినా "అలాగేనండీ మామ్మగారూ" అంటుంది. అని, తను అనుకున్నదే చేస్తుంది.

గొడవంతా మధ్యాహ్నం మాత్ర దగ్గరే. అన్నానికి అరగంట ముందు వేసుకోమని డాక్టరు నా ఎదురుగానే చెప్పాడు. పప్పు, చేప, పెరుగు కడుపులో ఉంటే ఆ మాత్ర సరిగా ఒంటికి పట్టదట. ఈ అమ్మాయికి ఖాళీ కడుపున మాత్ర వేయడమంటే మహాపాపం. కడుపు నిండా తినిపించి, పెరుగన్నం అయ్యాక మాత్ర మింగించేది. ఇక సాయంత్రం దాకా నా కాళ్ళు నేలకు మేకులు కొట్టినట్టు ఉండిపోయేవి. బాత్రూమ్ నాలుగడుగుల దూరం. వెళ్ళలేక రెండుసార్లు కుర్చీలోనే అయిపోయింది. ఆ పిల్ల చీర మారుస్తుంటే సిగ్గుతో చచ్చిపోయాను. అప్పుడు కూడా నా ముఖం శాంతంగానే ఉందట.

పొద్దున్న మాత్ర మా కోడలు టిఫిన్‌కు ముందే వేస్తుంది. అందుకని ఆ పూట నా మాట కాస్త పలుకుతుంది. ఒకరోజు పొద్దున్నే ఆ నర్సు పైనున్న సూపర్‌వైజరుకు ఫోన్ చేయించి సంగతంతా చెప్పాను. "మా అమ్మాయికి తప్పకుండా చెప్తామండీ" అన్నాడు. మధ్యాహ్నం మళ్ళీ అన్నమే ముందు వచ్చింది. పైగా ఆయనగారు కోడలికి ఫోన్ చేసి, జబ్బు ముదురుతోంది, పెద్దవాళ్ళ డైపర్లు పంపిస్తానన్నాడు. కోడలు నన్ను అడగకుండానే సరే అంది. అది విన్నాక నాకు ఆ ఇంట్లో ఎవరి మీదా జాలి మిగల్లేదు.

మర్నాడు కొరమేను పులుసు. వాసనకే నోరూరింది. పళ్ళు బిగించాను.

"ఒక్క ముద్దండీ, మా బంగారం కదండీ" అంటూ నర్సు చెంచా పళ్ళకు తగిలించింది.

"ముందు మాత్ర" అన్నాను.

"ఏమంటున్నారండీ?" అని కోడలిని అడిగింది. నన్ను కాదు.

"మాత్ర ముందు వెయ్యమంటున్నారు."

"ఖాళీ కడుపునా? పుండ్లు పడతాయండీ. ఉండండి, మా సార్‌ని అడుగుతాను."

స్పీకర్లో సార్ గొంతు వినపడింది. "పెద్దవాళ్ళు చిన్నపిల్లల్లాంటివాళ్ళండీ. కాస్త నచ్చచెప్పి తినిపించండి."

కంచం తోసేశాను. పులుసు నేలంతా పారింది.

"వణుకండీ, పాపం" అంది నర్సు.

"వణుకు కాదు" అన్నాను, ఉన్న ఊపిరంతా పెట్టి.

కోడలు నా వంక చూసింది. నేల వంక చూసింది. "వండేదీ నేనే, తుడిచేదీ నేనే. ముందు ఆ మాత్ర వేసెయ్యమ్మా" అని విసుక్కుంది. అది నా మీద ప్రేమ కాదని నాకు తెలుసు. మాత్ర మాత్రం నోట్లో పడింది.

"ఏదన్నా అయితే మా పూచీ లేదండీ" అంది నర్సు.

నేల తుడిచి, మళ్ళీ అన్నం వడ్డించేసరికి అరగంట పైనే పట్టింది. తిన్నాను. చెయ్యి కడుక్కున్నాక కుడి పాదం కదిలింది, తర్వాత ఎడమది. గోడ పట్టుకుని లేచాను. నర్సు చెయ్యి చాపితే విదిలించేశాను. బాత్రూమ్‌లోకి వెళ్ళి గడియ పెట్టుకున్నాను.

"మామ్మగారూ, గడియ తియ్యండి, పడిపోతారండీ!" తలుపు ఒకటే బాదుడు.

"బాదకమ్మా, ఆవిడకి వినపడుతూనే ఉంది" అంది కోడలు.

వినపడుతూనే ఉంది. తియ్యలేదు.