గొర్రెల చేత ఉపవాసం చేయించాను

సహోదరులారా, సహోదరీలారా, ఆ వారం మా దొడ్డిలో గొర్రెల అరుపు తగ్గుతున్న కొద్దీ నా ప్రార్థన పెరుగుతూ పోయింది, నేను దేవునికి దగ్గరవుతున్నాననే అనుకున్నాను, అంత చీకటిలో ఉన్నాను!

మాది కల్లూరు. ఆదివారం పిల్లలకు వాక్యం చెబుతాను. మా ఇంటి బతుకంతా గొర్రెల మీదే. తొలకరి పడ్డాక మస్కి సంతలో పదిహేను గొర్రెలు కొని టెంపోలో కుక్కి తెచ్చాం, దారి పొడవునా వాన, మేత లేదు, నీళ్లు లేవు, దిగగానే పాపం ఆకలి మీదున్నాయని ఊరి మందలన్నీ మేసే వాగు ఒడ్డు తడిగడ్డి మీదికి తోలాం. పదిహేను రోజులు తిరిగేసరికి విరేచనాలు మొదలై పారుడు పట్టింది, దవడల కింద నీరు దిగింది, ఒక్కటీ సరిగా నిలబడలేదు. ఇది శత్రువు పనే అనుకున్నాను. నీనెవె పట్టణంలో మనుషులతో పాటు పశువులు కూడా మేతా నీళ్లూ ముట్టకుండా ఉంటే దేవుడు ఆ ఊరిని కరుణించాడని పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో! మేమూ అలాగే చేస్తే దేవుడు వింటాడని ఇంటిల్లిపాదికీ, గొర్రెలకూ కలిపి మూడు రోజుల ఉపవాసం పెట్టాను. వాక్యం నాకే బాగా తెలుసని నా భర్త ఎదురు చెప్పలేదు.

మా అత్తమ్మ మాత్రం ఊరుకోలేదు. "ఏందే కోడలా, పాపం నువ్వు జేస్తివా, గొర్లు జేసినయా? నీ కడుపుల గంజి లేకుంటే నీకు పుణ్యం, వాటి కడుపుల లేకుంటే వాటికి సావు!" అంది.

"అవిశ్వాసపు మాటలు మాట్లాడకు అత్తా" అన్నాను.

"సరే తియ్యి, దేవదూతలొచ్చి గడ్డేస్తరేమో సూస్త!"

రెండో రోజు పొద్దున చూస్తే రెండు గొర్రెలు చచ్చి పడున్నాయి. మోకాళ్ల మీద పడ్డాను. "ప్రభువా, నేను నిన్ను వెదికానా, నా మాట నెగ్గాలని చూశానా? నాకేమీ తెలియడం లేదు, నన్ను నడిపించు!" అని ఏడ్చాను. కళ్లు తెరిచేసరికి అత్తమ్మ నీళ్ల బకెట్టుతో దొడ్డిలోకి పోతోంది. నేను ఆపలేదు.

నా భర్త పశువుల డాక్టరును తీసుకొచ్చాడు. ఆయన పెంటికలు పరీక్ష చేయించి, కడుపు నిండా నట్టలు, అంటే పురుగులు, ఉన్నాయన్నాడు. నట్టలు గొర్రెల్లో ఎప్పుడూ ఎంతో కొంత ఉంటాయట, ప్రయాణపు బడలిక, వాన, మేత మార్పు కలిసి సత్తువ లాగేస్తే అప్పుడు విజృంభిస్తాయట. ఉపవాసం సంగతి విని తల పట్టుకున్నాడు. "ఉపాసం మీరుండండమ్మా, వాటికి పెట్టండి" అన్నాడు. బరువు చూసి నట్టల మందు తాగించాడు, ముందు ఎండుగడ్డి కొంచెం కొంచెంగా పెట్టమన్నాడు, పొడి నేల మీద పడుకోబెట్టమన్నాడు, నట్టలు తడిగడ్డితోనే కడుపులోకి పోతాయి కాబట్టి మంచు ఆరాకే మేపమన్నాడు. ఇక మీదట కొత్తగా తెచ్చినవాటిని వేరుగా కట్టి, పెంటికలు చూపించాకే మందలో కలపమన్నాడు. మేము అలాగే చేశాం. పదమూడు గొర్రెలు లేచి నిలబడ్డాయి. స్తోత్రం!

సహోదరులారా, మందు బతికించిందా, ప్రార్థనా అని మీరు అడుగుతారు. నేనూ అడుగుతూనే ఉన్నాను. వాక్యం అబద్ధం కాదు, మరి నేను చదివిన తీరు తప్పా? దేవుడు నా కన్నీళ్లు విన్నాడా, లేక నా కంటే ముందే మా అత్తమ్మ చేతికి బకెట్టు ఇచ్చాడా? తెలియదు! ఆ రెండు గొర్రెలు మాత్రం నా మొండితనం వల్లే పోయాయి, ఆ మాట మీ ముందు ఒప్పుకోకుండా ఈ సాక్ష్యం ముగించలేను.

అన్నీ అర్థమయ్యాక నమ్ముదామని ఆగకండి. మీ పశువుకు జబ్బు చేస్తే ముందు నీళ్లు పెట్టండి, డాక్టరును పిలవండి, దాని పక్కనే మోకరించండి. నన్ను నా మొండితనం నుండి విడిపించినవాడు మిమ్మల్నీ విడిచిపెట్టడు. నేను ఇంకా అర్థం కాకుండానే నమ్ముతున్నాను. రేపు పొద్దున మంచు ఆరాక పదమూడింటినీ మేపుకు తోలుతాను. దేవునికే మహిమ!