నుదుటి మీద సుద్దముక్క

మా లెక్కల ప్రొఫెసరుగారు గుర్తొస్తే నాకు ఇప్పటికీ రోత పుడుతుంది. ఎవరైనా లెక్క తప్పు చేస్తే చేతిలోని సుద్దముక్కతో తన నుదుటి మీద తట్టుకుని, "ఇది పుట్టుకతో రావాలమ్మా" అనేవారు. గంటయ్యేసరికి ఆ నుదుటి నిండా తెల్లటి చుక్కలుండేవి. వాటిని ఆయన ఏనాడూ తుడుచుకోలేదు.

యూనివర్సిటీలో ఎమ్మెస్సీకి చేరిన మొదటి వారమే ఆయన మా తెలివి తేల్చేసి బెంచీలు పంచారు. తార్నాక నుంచి వచ్చే నాకు ముందు బెంచీ, మాణికేశ్వర్ నగర్ బస్తీ నుంచి నడిచొచ్చే నా స్నేహితురాలికి చివరి బెంచీ.

తెలంగాణ ఉద్యమంతో ఆ ఏడు చాలాకాలం క్లాసులు జరగలేదు. టియర్ గ్యాస్‌కు కళ్లు మండుతున్న రోజుల్లో కూడా ఆమె మా ఇంటి వరండాలో కూర్చుని ఒకే లెక్క మళ్లీ మళ్లీ చేసేది. క్లాసులు మొదలయ్యాక ఆ లెక్కను బోర్డు మీద తడుముకోకుండా చేసి చూపించింది.

"ఎవరు చెప్పారు నీకు?" అన్నారాయన.

"ఎవ్వరు చెప్పలే సార్. పదకొండుసార్లు చేసిన. పదిసార్లు తప్పొచ్చింది. యాడ తప్పైతున్నదో అప్పుడు సమజైంది."

"తెలివుంటే ఒక్కసారికే వచ్చేది."

నుదురు తట్టుకుని, ఆమె చేసిన లెక్కంతా తుడిచేశారు. ముందు బెంచీ నవ్వింది. నేనూ నవ్వాను.

మర్నాడు ఆమె ఇంకో లెక్క పట్టుకుని వచ్చింది. నిజానికి ఆ మొదటి లెక్క నాకు సగమే తెలుసు. కానీ నేను పుట్టుకతో తెలివి ఉన్నదాన్ని కదా, ఆ రెండేళ్లలో ఆయన్ని ఒక్క డౌటూ అడగలేదు.