రవ్వముద్ద గీకని మృదంగం

ఆ మృదంగం తోలు పాడవడానికి కారణం నేనేనని ఆ రోజు చెప్పలేదు. యుద్ధం రోజులవి, డబ్బుకి కటకట. మా ఊరు ముక్తేశ్వరంలో నేనూ, నా స్నేహితుడు సత్తిరాజూ కలిసి ఒకే మృదంగం కొనుక్కుని వంతులవారీగా వాయించేవాళ్లం. వాయించేముందు నాదం గుమ్మని పలకడానికి ఎడమవైపు తోలుకు తడి రవ్వముద్ద అంటిస్తారు. అయ్యాక గీకేయకపోతే ఎలుకలు కొరుకుతాయి. ఒకసారి నేను గీకకుండానే అతనింట్లో పెట్టి వచ్చాను. మర్నాడు భజనలో సత్తిరాజు గుడ్డసంచి విప్పితే తోలుకు చిల్లి.

"ఏవయ్యా, మృదంగం నేర్చుకుంటున్నావా, ఎలకల్ని మేపుతున్నావా?" అన్నారు అతనితో, మాకు మృదంగం నేర్పే గురువుగారు. అందరూ నవ్వారు.

"నేనసలు బయటికి తియ్యలేదండీ" అంటూ సత్తిరాజు నావంక చూశాడు. నేను తల వంచుకుని కూర్చున్నాను.

ఆ తర్వాత అతను మృదంగం ముట్టలేదు. తోలు మార్పించి నేనొక్కణ్నే ఏళ్లతరబడి వాయించాను. ఏమీ అనిపించేది కాదు. వయసు మీదపడ్డాక మాత్రం ఆవేళ అతను నావంక చూసిన చూపే గుర్తొచ్చేది.

నిరుడు అతనింటికి వెళ్లి, "ఆవేళ రవ్వ గీకనిది నేనురా, సత్తిరాజూ. తప్పయిపోయింది, క్షమించు" అన్నాను.