చైబాసా వెళ్ళాల్సిన జీపు

నిన్న సాయంత్రం కద్మాలో కూరగాయలు కొనుక్కుని వస్తుంటే, రోడ్డు పక్కన వెనక చక్రాలు పైకి లేపి పెట్టిన వ్యాను కిందనుంచి గేరు ఆయిలు వాసన వచ్చింది. కుళ్ళిన గుడ్డునీ కాలిన అగ్గిపుల్లనీ కలిపినట్టుండే ఆ ఘాటుకి పక్కావిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. నేను మాత్రం సంచీ కింద పెట్టి కాసేపు అక్కడే నిలబడిపోయాను.

గోల్‌మురిలో నా చిన్నప్పుడు మేమున్న క్వార్టరు ముందు ఒక డిసెంబరంతా అదే వాసన. కుంపటి పొగా మంచూ కలిసి వీధిని కప్పేసి, డ్యూటీకి వెళ్ళేవాళ్ళ సైకిలు బెల్లులు మాత్రమే వినపడే వేళకి అమ్మ వంటింట్లో క్రిస్మస్ గులాబీ పువ్వులు వేయిస్తూ ఉండేది. ఆ నూనె వాసనా, అరిసెల పాకం వాసనా, వాకిట్లో నాన్న పాత జీపు నుంచి కారే ఆయిలు వాసనా కలగలిసిపోయి, పండగంటే ఇలాగే ఉంటుంది కాబోలనుకునేదాన్ని.

ఆ యేడు చైబాసాలో ఉండే నాయనమ్మ చెల్లెలు మంచం పట్టిందని కబురొచ్చింది. భర్త పోయాక ఒంటరిగా ఉంటున్న ఆవిడ అన్నం కూడా ముట్టడం లేదట. మోకాళ్ళ నొప్పులతో నాయనమ్మ బస్సెక్కలేదు. జీపుంది కదా అని శాలువా, బైబిలు, డబ్బాడు గులాబీ పువ్వులు సర్దుకుని కూర్చుంది. తీరా చూస్తే జీపు కింద నల్లటి మడుగు. వెనక ఇరుసు మధ్యలో పుచ్చకాయంత ఉబ్బుంటుంది. చక్రాలని తిప్పే గేర్లు అందులోనే ఉంటాయి. అక్కడ ఆయిలు ఎండిపోతే గేర్లు పట్టేసి దారిలో ఆగిపోతామని నాన్న ప్రయాణం ఆపేశారు.

టాటానగర్ రైల్వేలో పనిచేసే మావయ్య, అమ్మ తమ్ముడు, సెలవు పెట్టి వచ్చాడు. ఇద్దరూ కలిసి ఆయిలు బయటికి కారకుండా ఆపే రబ్బరు సీలు మార్చారు. మర్నాటికి మళ్ళీ కారింది. కిరసనాయిలుతో ఇరుసంతా కడిగి, తుడిచి, నా పౌడరు డబ్బా అడిగి తీసుకుని దానిమీద చల్లి, బండిని కద్మా దాకా తిప్పుకొచ్చి చూశారు. ఇంజను నుంచి వచ్చే కడ్డీ లోపలికి దూరే చోట, కొత్త సీలు చుట్టూనే పౌడరు తడిసి ముద్దయింది.

“కొత్త సీలు బావా! మళ్ళీ ఏటిది?” అంటూ మావయ్య నేలమీద చతికిలబడ్డాడు.

“నా చెల్లి పోయినాక బండి బాగయితే ఏటి, అవ్వకపోతే ఏటి?” అంది అరుగు మీంచి నాయనమ్మ.

టీ తెచ్చిన అమ్మ కాసేపు చూసి, “విజిలు కన్నం మూసుకుపోతే కుక్కరు పక్కల్నుంచి కక్కేత్తది గదా. దీనికీ అలాటి కన్నం ఉందేటి తమ్ముడూ?” అంది.

ఉంది. ఇరుసు పైన, కిందనుంచి కనబడని చోట, గాలి పోయే చిన్న గొట్టం. వానాకాలం బురద అందులో గట్టిపడిపోయింది. వేడెక్కిన గాలికి దారిలేక ఆయిలుని సీలు సందులోంచి నెట్టేస్తోంది. మావయ్య గొట్టం విప్పి, తీగతో పొడిచి శుభ్రం చేశాడు. ఇంకో సీలు వేసి, ఆయిలు నింపి, మళ్ళీ కద్మా దాకా వెళ్ళొచ్చారు. పౌడరు పొడిగానే ఉంది.

“రేపు తెల్లారి పోదామమ్మా,” అన్నారు నాన్న.

నాయనమ్మ అప్పటికే చెప్పులు తొడుక్కుంది. “రేపెందుకురా?”

అప్పుడే బయల్దేరాం. చైబాసాలో చిన్న నాయనమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. “లెగవే, నేనొచ్చినాను,” అంది నాయనమ్మ. ఆవిడ ఇటు తిరిగి చాలాసేపు చూసి, “ఇంత ఆలీసమేటి అప్పా?” అని, అక్క టీలో ముంచి ఇచ్చిన గులాబీ పువ్వు కొరికింది. ఆవిడని వెంటబెట్టుకునే తిరిగొచ్చాం. ఇక దక్కదనుకున్న మనిషి మా ఇంట్లో ఏళ్ళ తరబడి ఉంది. ఒకే దుప్పటి కోసం అక్కచెల్లెళ్ళు పోట్లాడుకుంటుంటే, మధ్యలో వెచ్చగా పడుకునేదాన్ని నేను.

ఇప్పుడు ఆ క్వార్టర్లు లేవు. కారు సర్వీసింగుకి తీసుకెళ్తే మనల్ని అద్దం ఇవతల సోఫాలో కూర్చోబెడతారు. నాన్నా, అమ్మా, మావయ్యా, నాయనమ్మలిద్దరూ వెళ్ళిపోయారు. నిన్న అన్నం తింటూ మా అబ్బాయికి ఇదంతా చెబితే, “దోనో సచ్‌మే లడ్తీ థీ?” అని నవ్వాడు. నిజంగానే పోట్లాడుకునేవాళ్ళని చెప్పి, అదెలాగో చేసి చూపించబోయాను. నాయనమ్మ గొంతు నా నోట వచ్చింది. చిన్న నాయనమ్మ గొంతు ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు.